చలిపాడు బస్సుకు మంచు టైర్లు

చలిపాడు కొండ మీద మంచుగడ్డలు కురవవు. తమ చిన్నప్పుడు కురిశాయని చెప్పే ముసలివాళ్లు కూడా ఆ ఊళ్లో లేరు. పుష్యమాసంలో తెల్లవారుజామున ఊరంతా పొగమంచు కమ్ముకుంటుంది. గడ్డి మీద తెల్లటి పొరలాంటిది పేరుకుంటుంది, ఎండ తగలగానే పోతుంది. ఆ ఊరు ఆకాశాన్ని అంతకు మించి అడిగిందీ లేదు, ఆకాశం ఇచ్చిందీ లేదు. అలాంటి ఊళ్లో ఒక సోమవారం పొద్దున బస్సు ఆగిపోయింది. కారణం హిమపాతం.

ఆ బస్సు తోలేవాడు కూర్మినాయుడు. ఊరికి ఉన్నది ఆ ఒక్క బస్సే. రాత్రి చలిపాడులో ఆగుతుంది, పొద్దున్నే జనాన్ని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు మీదుగా కింద బస్తీకి దిగుతుంది, సాయంత్రం తిరిగి ఎక్కుతుంది. కూర్మినాయుడికి ఒక అలవాటు ఉంది. చన్నీళ్ల స్నానం చేసి, నామం పెట్టుకుని, ముందు చక్రాల కింద చెరొక నిమ్మకాయ పెట్టి కర్పూరం వెలిగిస్తాడు. "తల్లీ మలుపులమ్మా, కదలాల్సిన చోట కదిలించు, ఆగాల్సిన చోట ఆపు" అంటాడు. తర్వాత ఎక్కి బండి ముందుకు నడిపిస్తాడు. నిమ్మకాయలు టప్పుమని చితుకుతాయి. ఆ చప్పుడు వినపడితేగాని ప్రయాణికులు సీట్లలో సర్దుకుని కూర్చోరు. మలుపులమ్మ అంటే ఘాట్ రోడ్డు మూడో మలుపులో చిన్న గుడిలో ఉండే అమ్మవారు.

ఆ సోమవారం నిమ్మకాయలు పెట్టడం అయింది, కర్పూరం కొండెక్కడం అయింది. కూర్మినాయుడు ఒక కాలు బస్సులో పెట్టేసరికి కండక్టరు జోగారావు ఒక కాగితం ఊపుతూ వచ్చాడు.

"నాయుడన్నా, నిమ్మకాయల్ని తొక్కీకు."

"ఏటయిందిరా?"

"తొక్కితే సస్పెన్షనంట."

జోగారావు ఫుట్‌బోర్డు మీద నిలబడి కాగితం చదివాడు. అది కొండదారి రవాణా మండలి పంపిన ఉత్తర్వు. "సముద్రమట్టమునకు మూడు వేల అడుగులు పైబడిన సమస్త ఘాట్ మార్గములు ఇందుమూలముగా హిమపాత మార్గములుగా ప్రకటించడమైనది. సదరు మార్గములపై తిరుగు ప్రతి మోటారు వాహనమునకు నాలుగు చక్రముల చోదకశక్తి గాని, శీతకాలపు టైర్లు గాని ఉండవలెను. ఈ రెంటిలో ఏది ఉండవలెనో మండలి నిర్ణయించువరకు ఏ వాహనమూ తిరగరాదు."

బస్సులోంచి ఒక ముసలాయన తల బయటికి పెట్టి ఆకాశం వైపు చూసి, మళ్లీ లోపలికి పెట్టుకున్నాడు.

"చోదకశక్తంటే ఏట్రా?" అన్నాడు కూర్మినాయుడు.

"ఇంజను బలం అన్ని చక్రాలకీ పోవాలంట. మన బస్సుకి ఎనక చక్రాలకే కద పోతాది."

"మరి శీతకాలపు టైర్లో?"

"అవేటో నాకూ తెల్దు. మన టైర్లు అన్ని కాలాల్లోనూ అరిగిపోయినవే."

అసలు సంగతి ఇది. మండలి అధ్యక్షుల వారు అధ్యయన యాత్ర మీద ఒక చలిదేశం వెళ్లొచ్చారు. అక్కడ పొద్దుట ఒకాయన ఉపన్యాసం ఇచ్చాడు. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందితే మంచులో కూరుకుపోయిన బండి కూడా సింహంలా లేచి కదులుతుందన్నాడు. అధ్యక్షుల వారు నిజమే అనుకున్నారు. మధ్యాహ్నం ఇంకొకాయన ఉపన్యాసం ఇచ్చాడు. కదిలితే ఏం లాభం, ఆగాలి కదా, చలికి గట్టిపడని మెత్తని రబ్బరుతో చేసిన టైర్లుంటేనే బండి ఆగుతుందన్నాడు. అధ్యక్షుల వారు అదీ నిజమే అనుకున్నారు. సాయంత్రం ఉపన్యాసం లేదు, ఉన్ని టోపీ ఇచ్చి పంపించారు. రెండు అభిప్రాయాలతో, ఒక టోపీతో ఆయన తిరిగొచ్చారు. మండలిలో ప్రగతి విభాగం, భద్రతా విభాగం అని రెండున్నాయి. కదలడాన్ని ప్రగతి వారు తీసుకున్నారు, ఆగడాన్ని భద్రత వారు తీసుకున్నారు. బస్సును ఎవరూ తీసుకోలేదు.

కూర్మినాయుడికి మండలి గొడవ పట్టలేదు. అతని గొడవ వేరు. భార్య పైడితల్లికి రెండు కళ్లకూ శుక్లాలు ముదిరిపోయాయి. శుక్రవారం నాడు కింద బస్తీలో ఉచిత కంటి ఆపరేషన్ల శిబిరం ఉంది. ఎక్కడి నుంచో పెద్ద డాక్టరు ఏడాదికి ఒక్కసారి వస్తాడు. ఈసారి తప్పితే మళ్లీ వచ్చే ఏడే, అప్పటికి చేసినా చూపు వస్తుందో రాదో చెప్పలేనన్నాడు పోయినసారి.

పైడితల్లి చూపు ఎలా ఉందంటే, ఆదివారం నాడు దండెం మీద ఆరేసిన తన చీరతోనే చాలాసేపు మాట్లాడింది. ఆడపడుచు వచ్చిందనుకుంది. చివరికి, "పలకవేమే, కోపమా?" అని చీరను చెయ్యిపట్టి లాగితే మీద పడింది.

బస్సు ఆగిందని విని ఆవిడ, "శుక్రవారానికి తేలిపోద్దిలే మావా" అంది.

"తేలకపోతే డోలీ కట్టిస్తానే. నలుగురు మోస్తారు."

"వద్దు. నన్ను నలుగురు మోసే రోజు ఎలాగా ఒకటుంది. తొందరేటి?"

మంగళవారం నాడు నిర్ణయ సంఘం కొండెక్కి వచ్చింది. సంఘమంటే ఇద్దరే. ప్రగతి విభాగాధిపతి వజ్రపాణి గారు నాలుగు చక్రాలకూ బలముండే జీపులో వచ్చారు. భద్రతా విభాగాధిపతి నీలవేణమ్మ గారు శీతకాలపు టైర్లు బిగించిన కారులో వచ్చారు. ఎవరి నమ్మకం వాళ్ల బండిలో ఉంది కాబట్టి వాళ్లిద్దరికీ ఘాట్ రోడ్డు మీద అనుమతి ఉంది. నీలవేణమ్మ గారు దిగగానే ఆగి ఉన్న బస్సు చుట్టూ తిరిగి చక్రాల కిందికి వంగి చూశారు.

"ఈ నిమ్మకాయలు ఏ విభాగానివి?"

"అమ్మవారివండి" అన్నాడు కూర్మినాయుడు.

"నిర్ణయం వెలువడేవరకు కదిలించవద్దు. యథాతథ స్థితి."

బస్టాండు రేకుల షెడ్డు కింద ఊరంతా చేరింది. ముందుగా వజ్రపాణి గారు గొంతు సవరించుకున్నారు. "ప్రియమైన పర్వతప్రాంత ప్రజలారా, ప్రగతి అనగా ముందుకు కదలుట. రెండు చక్రములు శ్రమించుచుండగా మరి రెండు చక్రములు ఊరకనే తిరుగుట సమాజమునకు శోభస్కరము కాదు. నాలుగు చక్రములూ ఏకాభిప్రాయముతో కదలిననాడే ఈ ప్రాంతము అభివృద్ధి చెందును."

నీలవేణమ్మ గారు లేచారు. "కదలినది ఆగనిచో దానిని ప్రగతి అనరు, ప్రమాదము అందురు. మా విభాగము ఏర్పడిన నాటి నుండి మేము ఆపని పని లేదు."

ఈ మాటకు ఎవరో చప్పట్లు కొట్టబోయి మానుకున్నారు.

జోగారావు చెయ్యెత్తాడు. "మా బస్సు తొక్కితే కదుల్తాది, నొక్కితే ఆగుతాది. రెండూ ఉన్నట్టే కద సార్."

"అది మీ అనుభవము" అన్నారు వజ్రపాణి గారు. "అనుభవము నిబంధన కానేరదు."

కూర్మినాయుడు చేతులు కట్టుకుని అడిగాడు. "బాబూ, నాకు తెలవక అడుగుతాను. ఆ రెండూ ఒక్క బస్సుకే పెట్టేస్తే పోదా?"

అధికారులిద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. నీలవేణమ్మ గారు నెమ్మదిగా చెప్పారు. "రెండూ పెట్టినచో బస్సు క్షేమముగా చేరిన కీర్తి ఏ విభాగమునకు చెందవలెను?"

సోమవారం బస్సులోంచి ఆకాశం చూసిన ముసలాయన, "అన్నీ బాగున్నాయి గానీ బాబూ, ఆ మంచేది?" అన్నాడు.

"హిమము రాకపోవుట హిమము యొక్క లోపము" అన్నారు వజ్రపాణి గారు. "నిబంధన సిద్ధముగానే ఉన్నది."

ఊళ్లో ఉన్న ఒక్క కాఫీ హోటలుకు పాలు కింద నుంచి బస్సులోనే రావాలి, అందుకని అది మూసేశారు. బస్టాండు పక్కనే కూర్మినాయుడి ఇల్లు. అతిథులు దేవుడితో సమానమని నమ్మే మనిషి కాబట్టి ఇద్దరినీ పిలిచి అరుగు మీద చాప వేశాడు. పైడితల్లి ఇంట్లో ఆవుపాలతో కాఫీ కలిపి, గోడ తడుముకుంటూ తెచ్చి ఇచ్చింది.

వజ్రపాణి గారు ఒక గుక్క తాగి ఆగిపోయారు. ఆయన ముఖంలో రకరకాల భావాలు కదిలాయి. కూర్మినాయుడికి సంగతి అర్థమైంది, పైడితల్లి పంచదార డబ్బా బదులు పక్క డబ్బాలో చెయ్యి పెట్టింది. నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఉప్పు" అన్నారు వజ్రపాణి గారు.

"తప్పయిపోనాది బాబూ, దానికి కళ్లు…"

"తప్పు కాదు. చలిదేశములలో హిమము కరుగుటకై దారుల మీద ఉప్పు చల్లుదురని అధ్యక్షుల వారు సెలవిచ్చినారు. ఈ ప్రాంత గృహిణులు లోపలి నుండియే ఆరంభించినారు." నిబంధన మీది గౌరవంతో ఆయన గ్లాసు ఖాళీ చేశారు. నీలవేణమ్మ గారు మాత్రం ఆగడమే తమ విధానమని గ్లాసు కింద పెట్టేశారు.

పైడితల్లి మాట వచ్చిన వైపు తిరిగి అడిగింది. "శుక్రవారానికి తేల్చేస్తారా బాబూ?"

"పరీక్ష జరిపిన గాని తేల్చలేము. పరీక్షకు హిమము కావలెను. అయితే శుక్రవారము అధ్యక్షుల వారి సమక్షమున మేము స్వయముగా నివేదిక సమర్పించవలెను."

"అయితే మనందరికీ శుక్రవారమే కింద పనుంది" అంది పైడితల్లి సంతోషంగా, తోడు దొరికినట్టు.

రాని మంచు కోసం కూర్చుంటే శుక్రవారం వచ్చేస్తుంది. అందుకని వజ్రపాణి గారు సముద్రతీరాన చేపల రేవులో ఉండే ఐసు ఫ్యాక్టరీకి ఫోను చేశారు. ఒక లారీడు ఐసు బయలుదేరింది. ఘాట్ రోడ్డు మొదట్లో మండలి వారి గేటు దగ్గర కాపలావాడు లారీని ఆపేశాడు. లారీకి నాలుగు చక్రాల బలమూ లేదు, శీతకాలపు టైర్లూ లేవు. హిమం లేక పరీక్ష లేదు, పరీక్ష లేక నిర్ణయం లేదు, నిర్ణయం లేక లారీ లేదు, లారీ లేక హిమం లేదు. అధికారులిద్దరూ ఈ వరుసను రెండు మూడుసార్లు చెప్పుకున్నారు. ఎక్కడా దోషం కనపడలేదు.

చివరికి నీలవేణమ్మ గారే దారి చూపించారు. "ఎడ్లబండికి ఇంజను లేదు. కావున అది మోటారు వాహనము కాదు. కావున దాని చక్రముల ప్రశ్నయే ఉత్పన్నము కాదు."

కొండ కింద పల్లెలో సన్నాసి అని ఒక బండివాడున్నాడు. అతనూ, అతని వాళ్లూ బండ్లకు ఐసు ఎత్తి, ఊక కప్పి, గోనెలు పరిచి, మంగళవారం సాయంత్రం కొండెక్కడం మొదలుపెట్టారు. బుధవారం పొద్దెక్కాక చలిపాడు చేరారు. సగం దారిలోనే కరిగిపోయింది. మిగిలిన సగం చేపల వాసన వేస్తోంది. చలిపాడులో పిల్లులన్నీ బస్టాండుకు వచ్చి హిమపాతానికి స్వాగతం పలికాయి. గడ్డల మధ్య ఒక కానాగంత చేప కూడా ఉంది. అధ్యక్షుల వారి యాత్రా నివేదికలో చేపల ప్రస్తావన లేకపోవడం చేత దాన్ని పరీక్ష నుంచి మినహాయించారు. ఒక పిల్లి ఆ బాధ్యత తీసుకుంది.

బస్టాండు నుంచి పల్లంగా దిగే వీధిలో ఐసు పరిచి ఎడ్లబండ్లు పక్కకు తప్పించారు. ఊరివాళ్లు అరుగులెక్కి నిలబడ్డారు. వజ్రపాణి గారి జీపు ముందు బయలుదేరింది. నిజం చెప్పాలంటే చాలా గొప్పగా బయలుదేరింది. నాలుగు చక్రాలూ ఐసును కరకరలాడిస్తూ ఒక్క ఊపున కదిలాయి. వజ్రపాణి గారు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "గమనించుడు, కదలిక" అన్నారు. వీధి చివర రోడ్డు మలుపు తిరిగింది. జీపు తిరగలేదు. డ్రైవరు బ్రేకు మీద నిలబడినా లాభం లేకపోయింది. కళ్లంలో ఉడకబెట్టి ఆరబోసిన పసుపు కొమ్ముల రాశిలోకి దూరి, రాశికి అవతల ఉన్న కందకంలో ముందు చక్రాలు దింపి ఆగింది. కాసేపటికి తలుపు తెరుచుకుని వజ్రపాణి గారు పెళ్లికొడుకులా ముఖమంతా పసుపుతో బయటికొచ్చారు.

"కదలిక నిరూపితమైనది" అన్నారు.

తర్వాత నీలవేణమ్మ గారి కారు నెమ్మదిగా దిగింది. వీధి మధ్యకొచ్చాక ఆవిడ చిటికె వేశారు. డ్రైవరు బ్రేకు నొక్కాడు. కారు బొమ్మలా నిలబడిపోయింది. ఊరు మెచ్చుకుంది కూడా. ఆవిడ ఆ విజయాన్ని అందరూ చూడాలని కారును అక్కడే ఉంచి, దాని పక్కన నిలబడి చాలాసేపు ఉపన్యసించారు. ఈలోగా ఎండ ముదిరింది. ఐసంతా నీరై, ఊకతో కలిసి, వీధి మట్టిని మోకాటిలోతు బురద చేసింది. ఉపన్యాసం అయ్యాక డ్రైవరు ఇంజను వేస్తే చక్రాలు ఉన్నచోటే తిరిగాయి, కారు మాత్రం ఇంకా కిందికి దిగింది.

"ఆగుట నిరూపితమైనది" అన్నారు నీలవేణమ్మ గారు, బురద తుడుచుకుంటూ.

అంత నిజాయితీగా ఆగిన కారును ఊరివాళ్లు ఎప్పుడూ చూడలేదు. పదిమంది తోసినా కదల్లేదు.

ఆ సాయంత్రం కూర్మినాయుడు దీపం పెట్టి దండం పెట్టుకున్నాడు గానీ మనసు నిలవలేదు. ఇన్నేళ్లుగా తాను అమ్మవారిని అడుగుతున్నది రెండు పనులు. ఒక చేత్తో కదిలించు, ఇంకో చేత్తో ఆపు. పాపం ఆవిడ ఎప్పుడూ ఏ చెయ్యి ముఖ్యమని అడగలేదు. ఇప్పుడు ఆ రెండు చేతులనీ రెండు ఆఫీసులకు పంచినట్టుంది. పెద్ద చదువులు చదివినవాళ్లు, తనకు తెలియని కారణం ఏదో ఉండే ఉంటుంది అనుకున్నాడు. ఉంటే మాత్రం పైడితల్లికి ఎలా చెప్పాలో తెలియలేదు. లేచి వెళ్లి సన్నాసిని కలిశాడు.

"రేపు పొద్దున్నే ఖాళీగా దిగుతావు కద. మీ వదినమ్మని బండిలో వేసుకెళ్తావేటి? ఎలాగోలా శుక్రవారానికి శిబిరం కాడ దింపాల."

"దానికేటన్నా, గడ్డి పరుత్తాను. చేపల కంపు మాత్రం నాను తియ్యలేను" అన్నాడు సన్నాసి.

గురువారం తెల్లవారుతుండగా పైడితల్లి మూట చంకన పెట్టుకుని, కూర్మినాయుడి చెయ్యి పట్టుకుని వచ్చింది. తీరా చూస్తే సన్నాసి బండిలో అప్పటికే రెండు పెద్ద పెట్టెలు, ఒక ఫైళ్ల మూట, రెండు మడత కుర్చీలు ఉన్నాయి. పక్కన అధికారులిద్దరూ ముక్కుకు రుమాళ్లు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ల బండ్లు వాళ్ల వాళ్ల నిరూపణల్లో ఉండిపోయాయి. శుక్రవారం నివేదిక ఇవ్వాలి.

"ఈ బండిని మండలి స్వాధీనము చేసుకొన్నది" అన్నారు వజ్రపాణి గారు. తక్కిన బండ్లు చీకటుండగానే వెళ్లిపోయాయి.

కూర్మినాయుడు చేతులు జోడించాడు. "బాబూ, దానికి రేపు కంటి ఆపరేషను. ఒక్క మనిషికి చోటియ్యండి."

"మాకే చోటు చాలదు" అన్నారు నీలవేణమ్మ గారు. మనసులో ఆవిడకూ బాధగానే ఉంది. ఆ బండెక్కి అధ్యక్షుల వారి ముందుకు చేపల కంపుతో వెళ్లాలంటే ఇంకా బాధగా ఉంది.

వీళ్లు ఇలా మాట్లాడుకుంటుండగా పైడితల్లి, మొగుడి చెయ్యి వదిలి, తడుముకుంటూ ముందుకు నడిచింది. పొగమంచులో ఎదురుగా ఏదో పెద్ద ఆకారం కనిపించింది. చెయ్యి వేసింది. అది సన్నాసి బండికి కుడివైపు కట్టే వెలపటి ఎద్దు.

"బస్సు తీసేసినావా మావా? ఒళ్లంతా వణుకుతంది, స్టార్టులోనే ఉన్నట్టుంది. వేడిగా కూడా ఉంది. తలుపెటుందేటి?" అంటూ ఎద్దు డొక్క తడుముతోంది.

ఎద్దు ఓపికగా నిలబడింది. నీలవేణమ్మ గారు పైడితల్లిని చూశారు, ఎద్దును చూశారు, కిందికి వంగి ఎద్దు కాలు చూశారు. గిట్టకు ఇనప బద్ద కొట్టి ఉంది.

"ఇదేమిటి?"

"నాడాలమ్మా" అన్నాడు సన్నాసి. "తారు రోడ్డు మీద జారకుండా కొట్టిత్తాం. పల్లంలో నిలదొక్కుకుంటాయి."

"అనగా, జారుడు నిరోధించి ఆపు పాదరక్ష."

వజ్రపాణి గారు కూడా దగ్గరకొచ్చారు. చెవి వెనక ఇంకా పసుపు ఉంది. "దీనికి ఎన్ని కాళ్లు పనిచేయును?"

సన్నాసికి ప్రశ్న అర్థం కాలేదు. "నాలుగూ పనిచేస్తాయి బాబూ. మూడే పనిచేస్తే అమ్మీమా?"

"నాలుగు పాదముల చోదకశక్తి" అన్నారు వజ్రపాణి గారు, రుమాలు తీసేసి.

అధికారులిద్దరూ ఎద్దుకు అటూ ఇటూ నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే ప్రాణిలో రెండు విభాగాలు కలిసి ఉన్నాయి. మరి కీర్తి ఎవరిది అన్న ప్రశ్న వచ్చింది. దానికీ జవాబు దొరికింది. ఎడ్లు రెండున్నాయి, చెరొకటి.

ఆ తర్వాత పని చకచకా సాగింది. ముందు నడిచేదే వాహనం అని నిర్ణయించారు. దాని వెనక కట్టినదంతా సామాను. బస్సును ఎడ్ల వెనక కడితే బస్సు సామాను కిందికి వస్తుంది. సామానుకు టైర్ల నిబంధన లేదు. సామానులో మనుషులు కూర్చోరాదని ఎక్కడా రాయలేదు.

"ఇంజను ఆపీమంటే నా వల్ల కాదు బాబూ" అన్నాడు కూర్మినాయుడు. "ఇంజను ఆడితేనే బ్రేకుకి గాలి అందుతాది."

"ఇంజను నడువవచ్చును" అన్నారు నీలవేణమ్మ గారు. "అది బస్సును నడుపుచున్నట్టు కనబడరాదు."

ఎడ్లను బండి నుంచి విప్పి, కాడికి పొడుగాటి మోకు కట్టి బస్సు ముందుకు తెచ్చారు. కబురు తెలిసి ఊళ్లో కింద పనున్న వాళ్లంతా సంచులతో వచ్చేశారు. పైడితల్లిని జోగారావు చెయ్యి పట్టుకుని ఎక్కించి, డ్రైవరు వెనక సీటులో కూర్చోబెట్టాడు. ఎడ్ల సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి మొదలెక్కడో ఎవరికీ తెలియలేదు. సోమవారం నాటి నిమ్మకాయలు చక్రాల కింద అలాగే ఉన్నాయి, కొంచెం వాడాయి. కూర్మినాయుడు కర్పూరం వెలిగించి రోజూ అనే మాటే అన్నాడు. ఎడ్ల కొమ్ములకు చెరొక నిమ్మకాయ గుచ్చాడు. సన్నాసి అదిలించాడు. నిమ్మకాయలు టప్పుమన్నాయి. జనం సర్దుకుని కూర్చున్నారు.

కూర్మినాయుడు ఆ ఘాట్‌లో వానలో దిగాడు, చీకట్లో దిగాడు, కొండచరియ విరిగిపడ్డ రోజు కూడా దిగాడు. ఇంత కష్టంగా ఎప్పుడూ దిగలేదు. మోకు బిగుసుకుంటే ఎడ్లకు బరువు, వదులైపోతే బస్సు వాటి మీదికి పోతుంది. మొదటి గేరులో, బ్రేకు మీద నుంచి కాలు తీయకుండా, ఎద్దు తోక ఆడిన వైపు చూసుకుంటూ తోలాడు. ముందు సీట్లో అధికారులిద్దరూ మోకును కనిపెడుతున్నారు. మోకు బిగిసినప్పుడు వజ్రపాణి గారు "కదలిక" అనేవారు. వదులైనప్పుడు నీలవేణమ్మ గారు "నిగ్రహము" అనేవారు. రెండు మలుపులు దాటాక జనం కూడా వాళ్లతో కలిసి అనడం మొదలుపెట్టారు, భజనలా బాగుంది. మలుపులమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టడానికి బస్సు ఆగింది. ఎడ్లు అంతకు ముందే ఆగాయి. వాటికి ఎవరూ చెప్పలేదు.

పైడితల్లి దారంతా కళ్లు మూసుకుని కూర్చుంది. మధ్యలో ఒకసారి ముందుకు వంగి మొగుడి భుజం మీద చెయ్యి వేసింది.

"నాకు కుదుపు తగలకుండా ఎంత నెమ్మదిగా తోల్తన్నావు మావా. పెళ్లైన కొత్తలో కూడా ఇలగ తోల్లేదు."

ఆ మాటకు కూర్మినాయుడికి ఆ రోజు పడ్డ శ్రమంతా దిగిపోయింది.

గురువారం సాయంత్రానికి కిందికి చేరారు. శుక్రవారం పొద్దున డాక్టరు పైడితల్లి ఒక కంటికి ఆపరేషను చేసి, రెండోదానికి కొన్నాళ్లాగి తన అసిస్టెంటును పంపి బస్తీ ఆసుపత్రిలోనే చేయిస్తానన్నాడు. అదే రోజు అధికారులు నివేదిక సమర్పించారు. అధ్యక్షుల వారు చదివి ఉన్ని టోపీ తీసి బల్ల మీద పెట్టారట. తన రెండు అభిప్రాయాలూ ఒకే చోట నాలుగు కాళ్ల మీద నిలబడి ఉండడం చూసి ఆయన కళ్లు చెమర్చాయని జోగారావు ఎవరి దగ్గరో విన్నాడు.

పైడితల్లి కంటి కట్టు విప్పే వరకూ, ఆ తర్వాత కొన్నాళ్లూ బస్తీలో చెల్లెలి ఇంట్లో ఉంది. నల్లద్దాలు తీయవచ్చని ఆసుపత్రి డాక్టరు చెప్పిన రోజున కూర్మినాయుడు వచ్చి తీసుకెళ్లాడు. ఆవిడ దారి పొడుగునా అన్నీ పేరు పెట్టి చదివినట్టు చెప్పింది. అదిగో కాకి, అదిగో కుళాయి, ఆ పిల్ల జడకు రిబ్బను ఎర్రది. మొగుడి ముఖం చూసి, "జుట్టు ఇంత తెల్లబడిపోయిందేటి మావా" అంది. అతను నవ్వి ఆవిడ చేతిలోని మూట అందుకున్నాడు.

కొండ కింద గేటు దగ్గర చలిపాడు బస్సు నిలబడి ఉంది. పైడితల్లి ఎక్కబోతూ ఆగింది. నల్లద్దాలు తీసింది, పెట్టుకుంది, మళ్లీ తీసింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని చూసింది.

"మావా, మనం ఎనక్కెళ్లి డాక్టరుకి సెప్పాల."

"ఏటి?"

"ఆపరేషను కుదిరినట్టు నేదు. నాకు బస్సు ముందు ఎడ్లు కనిపిస్తన్నాయి."

కూర్మినాయుడు బస్సు ముందు కాడికి కట్టి ఉన్న రెండు ఎడ్లనూ, వాటి మెడలో మండలి వారి ముద్ర ఉన్న బిళ్లలనూ, పక్కన కొత్త యూనిఫారంలో బీడీ కాలుస్తున్న సన్నాసినీ చూశాడు. జేబులోంచి నాలుగు నిమ్మకాయలు తీసి రెండు ఆవిడ చేతిలో పెట్టాడు.

"నీ కళ్లు బాగానే ఉన్నాయే" అన్నాడు. "ఇవి ఎడ్ల కొమ్ములకి గుచ్చు. చక్రాలకి నాను పెడతాను."